గో ఆఫ్ కబుర్లు

ఇంగ్లీషులో లైటు ‘గో ఆఫ్’ అయితే ఆరిపోయినట్టు, అలారం ‘గో ఆఫ్’ అయితే మోగినట్టు. “ఇదెక్కడి గోల తాతయ్యా, ఆరడమూ మోగడమూ ఒకటెలా అవుతాయి?” అంటుంది మా మనవరాలు. అడగాల్సిన ప్రశ్నే.

లైటు సంగతిలో పేచీ లేదు, స్విచ్చి మీదుండే ఆఫే అది. కానీ ఇంగ్లీషులో ఆఫ్ అంటే ‘ఉన్నచోటు వదిలి అవతలికి’ అని కూడా. పాత కీ గడియారం వెనక మూత ఎప్పుడైనా ఊడదీశారా? గంట కోసం అందులో వేరే స్ప్రింగు ఉంటుంది. కీ ఇచ్చి బిగించాక విప్పుకుందామని అది ఒకటే గింజుకుంటుంది. చిన్న కొక్కెం దాన్ని కదలనివ్వదు. మనం పెట్టిన టైముకి కొక్కెం తప్పుకుంటుంది, సుత్తి టకటకా గంటని బాదేస్తుంది. తుపాకీ పేలినా, బాంబు పేలినా ఇంగ్లీషువాళ్లు గో ఆఫ్ అనే అంటారు. బిగబట్టిన శక్తి పట్టు వదిలించుకుందని అనుకుంటే మీకు ఇట్టే గుర్తుంటుంది. ఫంక్షను ‘వెంట్ ఆఫ్ వెల్’ అంటే చక్కగా జరిగిందని. కాఫీ మీద ‘గాన్ ఆఫ్’ అంటే మొహం మొత్తిందని. ఆ రెండోది నాకు ఈ జన్మలో జరగదు లెండి.

పాలు కూడా గో ఆఫ్ అవుతాయి. ఈ వాడుక బ్రిటన్‌లో ఎక్కువ, అమెరికావాళ్లు ‘గో బ్యాడ్’ అంటారు. పచ్చిపాలల్లో ఉండే బ్యాక్టీరియా పాలచక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. తాజాపాల పీహెచ్ 6.7 దాకా ఉంటుంది. ఆమ్లం పెరిగి అది 4.6కి దిగేసరికి కేసీన్ అనే ప్రొటీను ముద్ద కడుతుంది. పొయ్యి మీదైతే అంతదాకా కూడా ఆగదు, వేడికి ముందే విరిగిపోతుంది.

మరి ప్యాకెట్ పాలు పాడైతే ఒక్కోసారి పులుపుకి బదులు చేదెందుకు వస్తాయి? డెయిరీలో పాలని మామూలుగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేస్తారు. దానికి పులియబెట్టే రకాలు చాలామటుకు చస్తాయి. వేడికి చావని విత్తనాల్లాంటి స్పోర్లు కొన్ని మిగులుతాయి. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే బ్యాక్టీరియా తర్వాత వచ్చి చేరొచ్చు. ఇవి చక్కెర జోలికి పెద్దగా పోకుండా ప్రొటీన్లని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లో కొన్నిటిది చేదు రుచి.

అందుకని విరగలేదు కదా అని చేదెక్కిన పాలతో కాఫీ పెట్టకండి. కాచినా అవి బాగుపడవు, పారబోసెయ్యండి.