పాదలేపం లేని ప్రయాణం

మా చిట్టమూరులో ఎత్తంటే తాటిచెట్టు ఎత్తే. ఒక వంక వరిమళ్లు, మరొక వంక పులికాట్ సరస్సు, దాని ఆవల సముద్రం. 2022లో మా మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని, కొండలు మాత్రం మా ఊరి దగ్గరికి జరగలేదు! అటువంటి చదును నేల మీద పుట్టి పెరిగిన మేము నలుగురం కిందటి వేసవి సెలవుల్లో హిమాలయాలకు బయలుదేరుతున్నామంటే ఊళ్లో కొందరు నవ్వారు.

నలుగురికీ నాలుగు కారణాలు. ఏడు పదులు దాటిన మా అమ్మకు పంచకేదారాల్లో ఒక్కటైనా చూడాలని కోరిక. పదో తరగతి పరీక్షలు రాసి కూర్చున్న మా అబ్బాయికి మల్లి మస్తాన్ బాబు దేవుడు. మా ఆవిడ కారణం నెల్లూరు ఎండ. అన్నిటిలోకీ బలమైనది అదే. ఇక నా సంగతి. ఇరవై ఏళ్లుగా కళాశాలలో మనుచరిత్ర పాఠం చెబుతున్నాను. హిమాలయాన్ని కంటితో చూడకుండానే ప్రవరాఖ్యుణ్ణి ఏటేటా అక్కడికి పంపుతున్నానే అని మనసులో ఒక మూల సిగ్గు.

పెద్దన చెప్పిన ఆ కథ పాఠకులకు తెలిసినదే. అరుణాస్పదపురంలో ఉండే ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకొని క్షణంలో హిమాలయం చేరాడు. కొండ చూస్తూ తిరుగుతుండగా మంచునీటికి ఆ పసరు కాస్తా కరిగిపోయింది. వెళ్లడానికి క్షణం పట్టినవాడికి ఇల్లు చేరడానికి సాక్షాత్తు అగ్నిదేవుడు సాయపడవలసి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ ఘట్టంలో నేను వరూధినిని గురించే ఎక్కువ చెప్పాను. పసరు సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు.

గూడూరులో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. సంచిలో అటుకులు, చక్కిలాలు, ఘాటురోడ్డు మీద కడుపులో తిప్పితే వాసన చూడడానికి గూడూరు నిమ్మకాయలు. ఢిల్లీ, హరిద్వారం, ఋషీకేశం దాటాక దారంతా నదుల సంగమాలే. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి. రుద్రప్రయాగలో మందాకిని వచ్చి అలకనందలో చేరుతుంది. ఆ మందాకిని ఒడ్డు పట్టుకొని పోయి, 1,300 మీటర్ల ఎత్తునున్న ఊఖీమఠంలో రాత్రికి దిగాం.

నేను తప్పు చేసింది అక్కడే. మర్నాడు చోప్తాకు పోయి, ఆ రాత్రి అక్కడ నిద్రచేసి, ఆ తరువాత తుంగనాథ్ ఎక్కమని బస యజమాని చెప్పాడు. అమ్మ కూడా, "తొందరేముందిరా అబ్బయ్యా, ఒక పూట ఆగి పోదాం" అంది. తిరుగు రైలు టిక్కెట్లు జేబులో ఉన్నాయి. "రోజు వృథా ఎందుకు?" అన్నాను. తెల్లవారుజామున కారు మాట్లాడుకొని చోప్తా చేరి, కాఫీ అయినా తాగకుండా నడక మొదలుపెట్టించాను.

చోప్తా సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినించి తుంగనాథ్‌కు నాలుగు కిలోమీటర్ల లోపే. రాళ్లు పరచిన దారి. మొదట అడవి, బురాన్స్ చెట్లు. వాటి ఎర్రపూల కాలం చాలావరకు వెళ్లిపోయినా, ఆ పూలరసం దుకాణాల్లో సీసాలకెత్తి అమ్ముతున్నారు. కొంత ఎక్కేసరికి చెట్లు గీత గీసినట్టు ఆగిపోయాయి. ఆపైన చలికీ గాలికీ చెట్టు నిలవదు, అంతా పచ్చిక. గఢ్వాలు వారు దాన్ని బుగ్యాల్ అంటారు. మంచు కరిగిన చోటల్లా ఊదారంగు ప్రిములా పూలు నేలకంటుకొని విచ్చాయి. వెనక్కి తిరిగితే 7,138 మీటర్ల చౌఖంబా నాలుగు శిఖరాలతో తెల్లగా నిలబడి ఉంది. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అది అరుదైన విషయమని మనవి చేస్తున్నాను.

అమ్మ గుర్రం వద్దంది. పది అడుగులు వేయడం, కర్ర మీద ఆని నిలబడడం, మళ్లీ పది అడుగులు. నేనూ అబ్బాయీ ముందు పోయి, గుడి దగ్గర ముప్పావుగంట ఆమె కోసం కాచుకున్నాం. 3,680 మీటర్ల ఎత్తున నల్లని రాతిగుడి. పాండవులకు చిక్కకుండా వృషభరూపం దాల్చిన శివుడి బాహువులు ఇక్కడ వెలిశాయని స్థలపురాణం. అమ్మ దర్శనం చేసుకొని, ఎండలో కూర్చొని, అటుకులు తింది.

నాకప్పటికే తలలో సన్నగా సుత్తి మోగుతోంది. చెబితే పరువు పోతుందని చెప్పలేదు. ఆడవాళ్లను గుడి దగ్గర ఉంచి, మేమిద్దరం సుమారు 4,000 మీటర్ల చంద్రశిల శిఖరానికి బయలుదేరాం. సగం దూరంలో కళ్లు తిరిగాయి. ఒక బండ పక్కన కూలబడి వాంతి చేసుకున్నాను. పడమటినించి మబ్బు లేచింది. దిగివస్తున్న ఒక కొండమనిషి నా ముఖం చూసి, "నీచే జావో, నీచే" అని చేత్తో కిందికి చూపించి సాగిపోయాడు.

"నువ్వీడ కూర్చో నాన్నా, నేను పోయొస్తా. మస్తాన్ బాబు ఒక్కడే పోయేవాడు" అన్నాడు మా వాడు.

పొమ్మనే మాట నా నోటిదాకా వచ్చింది. నా వల్ల పిల్లవాడి ఆశ చెడుతున్నదే అన్న బాధ. వాడు పైకి చూశాడు, నన్ను చూశాడు, మబ్బును చూశాడు. తరువాత నా సంచి తన భుజాన వేసుకొని, "లే నాన్నా" అని చెయ్యి అందించాడు.

చోప్తా అడవిలోకి దిగేసరికి, మందు మింగకుండానే, తలనొప్పి తగ్గిపోయింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. రైలు టిక్కెట్లు పోతే పోయాయి.

కారణం చాలా సామాన్యం. తుంగనాథ్ ఎత్తున ఒక గుక్క గాలిలో అందే ప్రాణవాయువు, మా ఊళ్లో అందేదానిలో మూడింట రెండు వంతులే. దేహం అందుకు అలవాటు పడగలదు, కాని రోజులు కావాలి. ఉదయం 1,300 మీటర్ల దగ్గర నిద్రలేచినవాణ్ణి మధ్యాహ్నానికి 3,800 చేరబోయాను. కారే నా పాదలేపం. ఈ జబ్బుకు వయసు, బలం అనే లెక్క లేదు. అమ్మకు రాలేదు, నాకు వచ్చింది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులంటారు. తలనొప్పి, వికారం మొదలైతే పైకి పోరాదు. తగ్గకపోతే వెంటనే దిగాలి.

చోప్తాలో ఆ రాత్రి, రెండు కంబళ్లు కప్పుకొని, మా వాడు మస్తాన్ బాబును గురించి చెప్పాడు. మన నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీజనసంగంలో పుట్టినవాడు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివేటప్పుడు, 1985లో ఎవరెస్టు మీద ప్రాణాలు విడిచిన ఆ పాఠశాల పూర్వవిద్యార్థి ఉదయభాస్కరరావు కథ ఆయన మనసులో నాటుకుంది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్ నెలలో భౌతికకాయం సొంత ఊరు చేరింది. అంతవరకు చెప్పి ఆగి, "అంతటోడికే అట్టయింది కదా నాన్నా" అన్నాడు. నేనేమీ అనలేదు. వాడికి ఆయన మీద భక్తి తగ్గలేదు. ఆ కొండ ఎంత పెద్దదో ఇప్పుడు తెలిసింది.

తిరిగివచ్చాక, చలికాలంలో వాణ్ణి పులికాట్ గట్టుకు తీసుకుపోయాను. తలమీద రెండు నల్లచారలుండే బాతులు హిమాలయాల ఆవలినించి మన దేశానికి శీతకాలం గడపడానికి వస్తాయి. పులికాట్ ప్రాంతంలోనూ దిగుతాయి. ఈ జాతి పక్షి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు పరికరాలతో కొలిచారు. అయితే 2015లో వెలువడిన ఒక పరిశోధన మరొక మాట కూడా చెప్పింది: అవి ఒకే ఎత్తున పోవు. కొండ ఎత్తుతో లేచి, లోయ రాగానే కిందికి దిగి, మళ్లీ లేస్తాయి. గాలి చిక్కగా ఉన్నచోట ఎగిరితే శ్రమ తక్కువ.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మరి నేను చెప్పింది అదే కదరా అబ్బయ్యా!" అంది.

వచ్చే వేసవికి మళ్లీ టిక్కెట్లు తీస్తున్నాం. ఈసారి చోప్తాలో రెండు రాత్రులు.