పుస్తకం మూసి చూడండి



పోయిన వారం మన గ్రూపులో ఒక చెల్లి పెట్టిన వాయిస్ మెసేజ్ వినే ఉంటారు. "38 ఏళ్లొచ్చాయక్కా, చదివింది ఒక్క ముక్క నిలవట్లేదు, ఈ నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఇక నా వల్ల కాదు" అని ఏడ్చింది. ఆ చెల్లి కోసమే ఇది రాస్తున్నాను.

నాదీ అదే కథ. పిల్లల కోసం ఆరేళ్లు డ్యూటీ మానేసి, మస్కట్‌లో మళ్లీ పరీక్షకి కూర్చున్నాను. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక అవే నోట్సు నాలుగేసి సార్లు చదివేదాన్ని. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉండేది. తీరా పరీక్షలో ప్రశ్న చూస్తే ఏదీ గుర్తు రాలేదు. ఫెయిలయ్యాను. కట్టిన ఫీజూ పోయింది. అమ్మకి ఫోన్ చేసి చెప్పడానికి మొహం చెల్లలేదు.

తప్పు వయసుది కాదు, నేను చదివిన పద్ధతిది అని తర్వాత తెలిసింది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీ సైకాలజిస్టులు రోడిగర్, కార్పికీ 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకి చిన్న పాఠాలిచ్చి, ఒకదాన్ని రెండోసారి చదవమన్నారు. ఇంకోదాన్ని చూడకుండా, గుర్తున్నంతా రాయమన్నారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠం 81 శాతం గుర్తుంది, చూడకుండా రాసింది 75 శాతం. వారం తర్వాత పెడితే మాత్రం తారుమారైంది. చదివింది 42కి పడిపోయింది, రాసింది 56 దగ్గర నిలిచింది.

చూశారా? మళ్లీ మళ్లీ చదివితే అక్షరాలు కళ్లకి అలవాటవుతాయి. దాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది.

ఇది మనకి మరీ కొత్తేం కాదు. చిన్నప్పుడు పుస్తకం అమ్మ చేతికిచ్చి పాఠం అప్పజెప్పేవాళ్లం కదా! అదే ఇది. కాకపోతే చిలక పలుకుల్లా కాకుండా సొంత మాటల్లో చెప్పాలి.

రెండోసారి నేను చేసింది ఇంతే. ఒక పేజీ చదివి, నోట్సు మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాశాను. తప్పిపోయినవే మళ్లీ చూశాను. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకి ఒకసారి అదే చేశాను. గుండె, కిడ్నీ, మందుల డోసులు అన్నిటి ప్రశ్నలూ కలిపేసి చేశాను, వార్డులో పేషెంట్లు వరసలో రారు కదా. మొదటి వారం ఏమీ రాయలేక ఏడుపొచ్చింది. అయినా మానలేదు. పాసయ్యాను.

ఆ పరిశోధనలో ఉన్నది కుర్రకారే, నిజమే. కానీ 41 ఏళ్ల నాకూ పనిచేసింది. చెల్లీ, ఇంకొక్కసారి కూర్చో. మీ పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పేటప్పుడూ ఇలాగే చేసి చూడండి.

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి, ఇందులో గుర్తున్న మూడు విషయాలు ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. రాకపోతే అప్పుడు మళ్లీ చదవండి.