పాత వెండి రూపాయి గ్రేడు ఎలా తేలుతుంది?

1862 నుంచి 1901 వరకు విక్టోరియా రాణి కిరీటం ధరించిన బొమ్మతో బ్రిటిష్ ఇండియా టంకశాలల్లో తయారైన వెండి రూపాయిలు తెలుగువారి ఇళ్లలోని పాత పెట్టెల్లోనూ, వెండి దుకాణాల్లోనూ నేటికీ కనిపిస్తూనే ఉంటాయి. ఒకే సంవత్సరానికి, ఒకే టంకశాలకు చెందిన రెండు రూపాయిల్లో ఒకటి దాదాపు వెండి ధరకే అమ్ముడుపోగా, రెండోదానికి సేకరణకర్తలు అనేక రెట్లు ఎక్కువ చెల్లించడం అరుదేమీ కాదు. ఈ తేడాకు వయసు కారణం కాదు. టంకశాల నుంచి వెలువడిననాటి ఉపరితలం నాణెం మీద ఎంతవరకు మిగిలి ఉందన్నదే అసలు కారణం. ఆ మిగులును అంచనా వేసి, దానికి ఒక స్థాయిని నిర్ణయించడమే గ్రేడింగ్.

వాడుకలో ఉన్న స్థాయిలు కింది నుంచి పైకి గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, ఎబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అన్‌సర్క్యులేటెడ్ అనే క్రమంలో సాగుతాయి. పేర్లు విని మోసపోకూడదు. ‘గుడ్’ అన్న నాణెం నిజానికి రూపురేఖలు మాత్రమే మిగిలిన బాగా అరిగిన నాణెం. ఈ మాటలకు అంకెలు జోడించే పద్ధతిని అమెరికాకు చెందిన విలియం షెల్డన్ 1949లో ఆ దేశపు తొలినాటి పెద్ద రాగి సెంట్ల కోసం ప్రతిపాదించాడు. 1 నుంచి 70 వరకు సాగే ఆ కొలమానాన్నే తరువాత ఇతర నాణేలకూ వర్తింపజేశారు. అందులో 60 నుంచి 70 వరకు ఉన్న అంకెలు చెలామణిలో అరగని నాణేలకే చెందుతాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా సంస్థలు నాణేన్ని పరీక్షించి, గ్రేడు వేసి, ప్లాస్టిక్ పలకలో సీలు చేసి ఇచ్చే వ్యాపారాన్ని ప్రారంభించడంతో ఈ అంకెలు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి.

నాణెం చేతులు మారే కొద్దీ ముందుగా అరిగేవి ఉబ్బెత్తుగా ఉన్న భాగాలు కాబట్టి, పరీక్ష అక్కడే మొదలవుతుంది. విక్టోరియా రూపాయి బొమ్మ వైపు రాణి చెంప, చెవి చుట్టూ ఉన్న జుట్టు, కిరీటం, భుజం కింది వస్త్రం మీది కుట్టుపని అటువంటి భాగాలు. బొరుసు వైపు సంవత్సరాన్ని చుట్టి ఉన్న పూల తీగలోని రేకులు, ఆకుల ఈనెలు అటువంటివి. జుట్టు పాయలు కలిసిపోయి చదునైన ముద్దగా కనిపిస్తే నాణెం ఫైన్ స్థాయిని దాటదు; పాయలు చాలావరకు విడివిడిగా తెలుస్తూ ఎత్తైన చోట్ల మాత్రమే చదునైతే వెరీ ఫైన్ అనీ, కొసల్లో మాత్రమే అరుగుదల ఉంటే ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ అనీ స్థూలంగా చెప్పవచ్చు. అరుగుదల అందాన్నే కాక నాణెం గుర్తింపును కూడా చెరిపేయగలదు. 1862 తరువాత పలు ఏళ్లపాటు రూపాయి మీద అదే సంవత్సరాన్ని కొనసాగించారు. వేర్వేరు ముద్రణలను నేటి సేకరణకర్తలు బొరుసు వైపున్న సన్నని చుక్కల సంఖ్యను, అవి ఉన్న చోటును బట్టి విడదీస్తారు. ఆ చుక్కలు అరిగిపోయిన నాణెం ఏ రకానికి చెందినదో చెప్పడం కష్టమవుతుంది. నిజాం రాజ్యపు చార్మినార్ రూపాయి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ద్వారంలో మీమ్ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిదనీ, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదనీ పోల్చుకుంటారు.

చదునుగా కనిపించే ప్రతి భాగమూ అరిగినదే అనుకోకూడదు. అచ్చు తగినంత బలంగా పడకపోయినా, పాతబడిన అచ్చుతో ముద్రించినా కొత్త నాణెం మీదే వివరాలు లోపిస్తాయి. అరుగుదలనూ, ముద్రణ లోపాన్నీ విడదీసేది మెరుపు. ముద్రణ ఒత్తిడికి లోహం అంచుల వైపు జరిగినప్పుడు ఉపరితలం మీద కంటికి ఆనని సన్నని రేఖలు ఏర్పడతాయి. ఒకే దీపం కింద నాణేన్ని అంచులతో పట్టుకుని మెల్లగా వంచి తిప్పితే, ఆ రేఖల మీద పడిన కాంతి చక్రపు ఆకుల్లా తిరుగుతుంది. చదునైన చోట కూడా ఆ కాంతి తెగకుండా సాగితే లోపం ముద్రణది. అక్కడ మాత్రమే ఆగిపోయి లోహం మసకబారి కనిపిస్తే అది అరుగుదల. పరీక్షకు ఐదు నుంచి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం సరిపోతుంది.

అరుగుదలతో సంబంధం లేని దెబ్బలను వేరుగా లెక్కిస్తారు. సరాఫులు వెండి నాణ్యత చూడడానికి కొట్టిన గుర్తులు, నగలో గుచ్చడానికి వేసిన రంధ్రాలు, కొక్కెం ఊడదీశాక అంచున మిగిలిన టంకం మరక ఇందులోకి వస్తాయి. వీటన్నిటికంటే తరచుగా జరిగే నష్టం శుభ్రం చేయడం వల్ల కలుగుతుంది. గాలిలోని గంధకపు సమ్మేళనాలతో కలిసి వెండి మీద ఏర్పడే పలుచని పొర మొదట బంగారు ఛాయలోనూ, తరువాత నీలం, నలుపు ఛాయల్లోనూ కనిపిస్తుంది. సహజంగా, సమంగా ఏర్పడిన ఆ వన్నెను సేకరణకర్తలు ఇష్టపడతారు కూడా. దాన్ని మురికిగా భావించి చింతపండుతోనో విభూతితోనో తోమితే పొరతో పాటు ఆ సన్నని రేఖలు కూడా పోయి, వాటి స్థానంలో ఒకే దిశలో సాగే గీతలు మిగులుతాయి. అటువంటి నాణేనికి గ్రేడింగ్ సంస్థలు సాధారణంగా అంకె ఇవ్వకుండా, శుభ్రం చేసినదని రాసి వదిలేస్తాయి. పోయిన ఉపరితలాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు.

గ్రేడు కంటే ముందు తేలవలసింది నాణెం అసలుదా కాదా అన్నది. విక్టోరియా రూపాయి ప్రామాణిక బరువు 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అందులో వెండి 91.67 శాతం. అరుగుదల వల్ల బరువు కొంత తగ్గవచ్చుగాని, స్పష్టమైన వివరాలున్న నాణెం తక్కువ తూగితే అనుమానించవలసిందే. పోత పోసిన నకిలీల మీద సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, కొన్నిసార్లు అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి.

భద్రపరిచేటప్పుడు పీవీసీ కవర్లను మానాలి. కాలక్రమేణా వాటి నుంచి వెలువడే రసాయనాలు నాణెం మీద పచ్చని జిగురును మిగులుస్తాయి. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు ఇంటి నాణేలను వెంట తీసుకువెళ్లే ముందు 1972 నాటి పురావస్తువుల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. పాత నాణేలకు లక్షలు ఇస్తామంటూ ముందుగా రుసుములు అడిగే ప్రకటనల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రజలను హెచ్చరించింది.

గ్రేడు ఒక్కటే ధరను నిర్ణయించదు. అరుదైన సంవత్సరపు అరిగిన నాణెం, విరివిగా దొరికే సంవత్సరపు మెరిసే నాణెం కంటే ఎక్కువ పలకవచ్చు. పైగా గ్రేడు ఒక అభిప్రాయమే కాబట్టి, ఒకే నాణేనికి ఇద్దరు నిపుణులు వేర్వేరు అంకెలు ఇవ్వడమూ ఉంటుంది. అందువల్ల కొనేవారు పలక మీది అంకెతో సరిపెట్టుకోకుండా, అరుగుదల, ముద్రణ, మెరుపు, దెబ్బలు అనే నాలుగింటినీ విడివిడిగా చూసి, ఆ అంకె దేనివల్ల వచ్చిందో తమకు తాము చెప్పుకోగలిగిన తరువాతే డబ్బు చెల్లించడం మేలు.