పడకగదికి ఏ తెలుపు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవారికి గోడలకు ఏ తెలుపు వేయించాలన్న పేచీ మాత్రం ఉండి ఉండదు. వారికి తెలుపంటే సున్నమే. మద్రాసులో గాని, బరంపురంలో గాని, యానాంలో గాని పండుగ ముందు సున్నం తెచ్చి, తొట్టిలో నానవేసి, వడగట్టి, కాస్త జిగురూ చిటికెడు నీలిమందూ కలిపి వెల్ల వేయించేవారు. ఇల్లు తెల్లగా ఉండేది. అది ఎటువంటి తెలుపని అడిగినవారు లేరు.

ఇప్పుడు దుకాణానికి వెళితే రంగుల అట్ట చేతికిస్తారు. మీగడ తెలుపు, ముత్యపు తెలుపు, దంతపు తెలుపు, ఇసుక తెలుపు, బూడిద తెలుపు – ఒక్క తెలుపులోనే పదుల కొద్దీ రకాలు. పేరు చూసి ముచ్చటపడి కొంటాము. గోడ కెక్కిన తరువాత చూస్తే మీగడ కాస్తా పసుపు నీళ్ళవలె ఉంటుంది. ముత్యం ఆసుపత్రి గోడను తలపిస్తుంది. అప్పుడు మేస్త్రీని తప్పుపడతాము. నిజానికి తప్పు మేస్త్రీదీ కాదు, రంగుదీ కాదు. డబ్బాలో ఉన్నది సగం తెలుపే. మిగిలిన సగం గదిలోని వెలుతురులో ఉన్నది. అట్టను చూసి గాక, గదినీ అందులో పడుకునే మనిషినీ చూసి తెలుపును ఎన్నుకోవాలి.

తెలుపులో దాగిన రంగు

లేత తెలుపులన్నిటిలోనూ మరొక రంగు చుక్కలుగా కలిసి ఉంటుంది. పసుపు కలిస్తే మీగడ, ఎరుపు కలిస్తే గులాబి ఛాయ, నలుపు కలిస్తే బూడిద, నీలం కలిస్తే మంచు తెలుపు. విడిగా చూస్తే ఈ తేడా కంటికి అందదు. రంగుల అట్ట పక్కన శుభ్రమైన తెల్ల కాగితం పెట్టి చూడండి. దాగిన రంగు వెంటనే బయటపడుతుంది. మన పూర్వులు సున్నంలో నీలిమందు కలపడంలోని కిటుకు కూడా ఇదే. సున్నంలో లీలగా ఉండే పసుపు ఛాయను ఆ చిటికెడు నీలం అణచివేసేది.

గది ముఖం ఎటు?

ఉత్తరపు కిటికీ గల గదికి ఎండ తగలడం తక్కువ. ఆకాశపు నీలి వెలుగే ఎక్కువగా వస్తుంది. అటువంటి గదిలో మంచు తెలుపు వేస్తే చలిగా, నిర్జీవంగా కనిపిస్తుంది. మీగడ ఛాయ గానీ, లేత గోధుమ ఛాయ గానీ అక్కడ నప్పుతుంది. తూర్పు గదికి ఉదయం బంగారు వెలుగు, మధ్యాహ్నం తరువాత మందమైన వెలుగు; దానికి కొద్దిపాటి మీగడ ఛాయ చాలును. పడమటి గదిలో సాయంకాలపు ఎండ గోడలను నారింజ రంగు చేస్తుంది కనుక, కాస్త బూడిద కలిసిన తెలుపు కంటికి హాయి. దక్షిణపు గదికి చలికాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది; దానికి ఏ తెలుపైనా ఇమిడిపోతుంది.

పట్టణాలలో మరొక చిక్కు ఉన్నది. ఇళ్ళు ఒకదాని నొకటి ఆనుకొని ఉండడంవల్ల కిటికీలోంచి ఆకాశానికి బదులు పొరుగువారి గోడ కనిపిస్తుంది. ఆ గోడ ఆకుపచ్చదైతే మన తెలుపూ కొంచెం పచ్చగానే తోస్తుంది. ఎర్ర గచ్చు నేల ఉన్న పాత ఇళ్ళలో గోడ అడుగుభాగం గులాబి రంగు తిరుగుతుంది.

పడకగదిని మనం ఎక్కువగా చూసేది రాత్రిపూట. కాబట్టి ముందు దీపం నిర్ణయించి, తరువాత రంగు కొనాలి. బల్బు పెట్టె మీద 2700 అని ఉంటే పసుపు వెలుగు, 6500 అని ఉంటే నీలి తెలుపు. ఒకే గోడ మొదటి దీపం కింద వెన్నవలె, రెండవ దీపం కింద సుద్దవలె కనిపిస్తుంది.

చవకైన పరీక్ష

అన్నిటికన్న చిన్న డబ్బా ఒకటి కొని, రెండడుగుల అట్టపలకకు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. తడి రంగును చూసి తీర్పు చెప్పకూడదు. పలకను ఒక్కొక్క గోడకు ఆనించి ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి దీపం వెలిగించాక చూడండి. మూడువేళలా నచ్చినదే మీ తెలుపు. పాత గోడ మీదనే రాసి చూస్తే పక్కనున్న పాత రంగు కంటిని మోసగిస్తుంది.

ఎవరు పడుకుంటారు?

వయసు పైబడినకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది; వెలుతురు ఎక్కువ కావాలి. మంచి తెల్లని గోడ తనపై పడిన వెలుతురులో నూటికి 80 వంతులకు పైగా తిరిగి ఇస్తుంది. అందుచేత తాతగారి గదికి లేత రంగే మంచిది. అయితే గోడ, తలుపు, మీట, మంచం అన్నీ తెల్లనివే అయితే అర్ధరాత్రి లేచినవారికి ద్వారం ఎక్కడో, మీట ఎక్కడో తెలియదు. ద్వారబంధానికి, మీటల పలకకు ముదురు రంగు వేయించండి. నిగనిగలాడే పూత దీపాన్ని అద్దంలా చూపి కళ్ళు చెదరగొడుతుంది. మెరుపు లేని పూత మేలు. శుక్లాల ఆపరేషను అయినవారికి కొంతకాలం తెలుపు నీలంగా తోచవచ్చును. వారి గదికి మీగడ ఛాయే సుఖం.

పురిటికి వచ్చే ఆడపిల్ల కోసం గది ముస్తాబు చేయడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఇక్కడే మిక్కిలి జాగ్రత్త కావాలి. పాత రోజుల రంగులలో, ముఖ్యంగా తలుపులకూ కిటికీలకూ వేసే నూనె రంగులలో, సీసం ఉండేది. మన దేశంలో 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షల భాగాలలో 90 భాగాలు మించరాదు. కొత్త డబ్బాకు ఆ హద్దు ఉన్నది గాని, కిటికీ మీద నలభై ఏళ్ళుగా పేరుకున్న పొరలకు లేదు. వాటిని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే లేచే ధూళి గర్భిణికీ పసిబిడ్డకూ హాని. శరీరంలో సీసం ఇంతవరకు ఉంటే భయం లేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కనుక తడిపి రుద్దించాలి. ధూళిని ఊడ్వక తడిగుడ్డతో తుడిపించాలి. అమ్మాయి ఇంటికి రాకముందే పని పూర్తిచేసి, వాసన పోయేదాకా కిటికీలు తెరచి ఉంచాలి.

నేటి తెల్ల రంగులకు తెలుపునిచ్చేది సీసం కాదు, టైటానియం డయాక్సైడు. ఇల్మెనైటు అనే నల్లని ఖనిజంనుండి దానిని తీస్తారు. బరంపురానికి దగ్గరలోని ఛత్రపురం సముద్రతీరపు ఇసుకలో ఆ ఖనిజం ఉన్నది. నల్ల ఇసుక తెల్ల గోడ కావడం వింతే కదా!

గోడ ముందు, రంగు తరువాత

చెమ్మ ఉన్న గోడకు ఏ తెలుపూ నిలువదు. ముందు నీరు ఎక్కడినుండి వస్తున్నదో కనిపెట్టి మాన్పించాలి. కొత్త సిమెంటు పూతను కనీసం నెల రోజులైనా ఆరనివ్వాలి. సున్నపు గారతో కట్టిన పాత ఇల్లయితే గోడ లోపలి చెమ్మ సున్నంలోంచి ఆవిరైపోతుంది. దానిపై నూనె రంగు వేస్తే దారి మూసుకుపోయి పెచ్చులు లేస్తాయి. అటువంటి ఇంటికి మళ్ళీ సున్నమే తగినది. సున్నం మీద ఎమల్షను వేయించదలిస్తే పొడిగా రాలే పొరలన్నీ గీకించనిదే వేయించకండి.

ఇక లెక్క. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గదికి గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీలకు 50 తీసివేస్తే 390. లీటరు ఎమల్షను రెండు పూతలకు సుమారు 60, 70 అడుగులు వస్తుంది. అంటే ఆరు లీటర్ల పై చిల్లర. అంతా ఒకేసారి కలిపించండి. రెండవసారి కలిపిన తెలుపు మొదటిదానితో సరిగ్గా కలవకపోవచ్చును.

బెంగుళూరువంటి చోట్ల అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం వాడుక. అద్దెకున్నవారు ఇంటివారితో మాట్లాడి, ఆ షరతును కాగితం మీద చూసుకొని గాని రంగుకు డబ్బు పెట్టకూడదు.

ఈసారి రంగులు వేయించేటప్పుడు, ఆ గదిలో పడుకునేవారిని పలక ముందు కూర్చోబెట్టి అడగండి. అత్తగారైనా, పిల్లవాడైనా, వారి కంటికి హాయిగా ఉన్నదే ఆ గదికి తగిన తెలుపు.