పాఠశాల జిల్లాల జవాబుదారీతనం (అమెరికా)

పాఠశాల జిల్లాల జవాబుదారీతనం అనగా, ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థుల చదువు మెరుగుపడేలా చూసే బాధ్యతను ఆ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థపై ఉంచి, ఫలితాలకు దానిని జవాబు చెప్పించే విధానం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది 1990వ దశకంలో టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాలలో రూపుదిద్దుకుంది. 2002లో "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" (ఏ బిడ్డా వెనుకబడరాదు) చట్టంతో దేశమంతటికీ విస్తరించింది. 2015లో దాని స్థానంలో "ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్" (ప్రతి విద్యార్థీ నెగ్గాలి) చట్టం వచ్చింది. వెనుకబడిన వర్గాల పిల్లల స్థితిని ఈ విధానం వెలుగులోకి తెచ్చింది. అయితే పరీక్షా ఫలితానికి శిక్షను ముడిపెట్టడం వలన కొన్నిచోట్ల ఆ ఫలితమే నమ్మదగనిదిగా మారింది.

పాఠశాల జిల్లా

అమెరికాలోని పాఠశాల జిల్లా భారతదేశంలోని రెవెన్యూ జిల్లా వంటిది కాదు. ప్రభుత్వ పాఠశాలలను నడపడానికే ఏర్పడిన స్థానిక పాలనా విభాగం ఇది. దేశంలో ఇటువంటివి సుమారు 13,000 కలవు. వీటిలో లక్షల మంది విద్యార్థులున్న మహానగర జిల్లాలు ఉన్నాయి, కొన్ని వందల మందే ఉన్న గ్రామీణ జిల్లాలూ ఉన్నాయి. చాలా జిల్లాలకు ప్రజలు ఎన్నుకున్న బోర్డు, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంటు ఉంటారు. నిధులలో ఎక్కువ భాగం రాష్ట్ర ప్రభుత్వం నుండి, స్థానిక పన్నుల నుండి వస్తుంది. ఫెడరల్ ప్రభుత్వపు వాటా సుమారు పదోవంతు మాత్రమే.

ఉపాధ్యాయుల నియామకం, వారి జీతాలు, బడుల మధ్య నిధుల పంపకం చాలావరకు జిల్లా చేతిలో ఉంటాయి. కనుక ఒక బడి వెనుకబడితే అందుకు కారణం ఆ బడిలోనే ఉండనక్కరలేదు. అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు లేని బడికి వారిని రప్పించడం ప్రధానోపాధ్యాయుని వలన మాత్రమే అయ్యే పని కాదు. బడితోపాటు జిల్లా కూడా జవాబు చెప్పాలన్న వాదనకు మూలం ఇదే.

నేపథ్యం

1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాలంలో ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం అమలులోకి వచ్చింది. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు ఫెడరల్ నిధులు అందించడం దీని ముఖ్యోద్దేశం. నిధులు అందాయి గాని, వాటి వలన చదువు ఎంత మెరుగుపడిందో కొలిచే పద్ధతి బలంగా ఏర్పడలేదు. 1983లో "ఎ నేషన్ ఎట్ రిస్క్" (ప్రమాదంలో దేశం) అనే ప్రభుత్వ నివేదిక విద్యా ప్రమాణాలపై దేశవ్యాప్త చర్చకు దారితీసింది. 1994లో చట్టాన్ని సవరించి, ప్రతి రాష్ట్రం విద్యా ప్రమాణాలను, వాటికి తగిన పరీక్షలను ఏర్పరచుకోవాలని నిర్దేశించారు.

2002 నాటి చట్టం

"నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" బిల్లును రెండు ప్రధాన పార్టీలూ సమర్థించాయి. అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ 2002 జనవరి 8న దానిపై సంతకం చేశారు. అందులోని ముఖ్యాంశాలు:

* 3 నుండి 8 వరకు ప్రతి తరగతిలో ఏటా, ఉన్నత పాఠశాల స్థాయిలో ఒకసారి పఠనం, గణితాలలో పరీక్ష జరపాలి.
* కనీసం 95 శాతం విద్యార్థులు పరీక్షకు హాజరు కావాలి.
* జాతి, పేదరికం, వైకల్యం, ఇంగ్లీషు భాషా పరిజ్ఞానం ఆధారంగా విద్యార్థుల ఫలితాలను విడివిడిగా ప్రకటించాలి.
* 2013-14 విద్యా సంవత్సరానికి విద్యార్థులందరూ రాష్ట్రం నిర్ణయించిన ఉత్తీర్ణతా స్థాయిని చేరాలి. అంతవరకు ఏటా చేరవలసిన లక్ష్యానికి "తగిన వార్షిక ప్రగతి" అని పేరు.

ఉత్తీర్ణతా స్థాయి ఎంత ఉండాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంది. దీనితో స్థాయిని తక్కువగా పెట్టుకున్న రాష్ట్రం మెరుగ్గా కనిపించే అవకాశం ఏర్పడింది.

సగటు దాచే తేడా

ఫలితాలను విడివిడిగా ప్రకటించడం ఈ చట్టంలో ఎక్కువ కాలం నిలిచిన మార్పు. ఉదాహరణకు 1,000 మంది విద్యార్థులున్న ఒక జిల్లాలో 800 మంది సంపన్న కుటుంబాల వారు, 200 మంది పేదవారు అనుకుందాం. మొదటివారిలో 90 శాతం (720 మంది), రెండవవారిలో 40 శాతం (80 మంది) ఉత్తీర్ణులైతే జిల్లా సగటు 80 శాతం అవుతుంది. సగటును మాత్రమే చూసినవారికి జిల్లా బాగానే నడుస్తున్నట్లు తోస్తుంది. పేద పిల్లలలో ప్రతి అయిదుగురిలో ముగ్గురు తప్పారన్న సంగతి అందులో కనబడదు.

జిల్లా స్థాయి లెక్కకు మరొక ప్రయోజనం కూడా ఉంది. ఒక వర్గానికి చెందిన పిల్లలు ఒక బడిలో మరీ తక్కువగా ఉంటే వారి ఫలితాన్ని విడిగా లెక్కించరు. అటువంటి పిల్లలు పది బడులలో చెదిరి ఉంటే ఏ బడి లెక్కలోనూ వారు విడిగా కనబడరు. జిల్లా మొత్తాన్ని కలిపి చూసినప్పుడు మాత్రమే వారు లెక్కలోకి వస్తారు.

శిక్షల మెట్లు

ఫెడరల్ నిధులు పొందే బడి వరుసగా రెండేళ్ళు లక్ష్యం చేరకపోతే, అక్కడి పిల్లలు అదే జిల్లాలోని మరొక బడికి మారే అవకాశం కల్పించాలి. మూడవ ఏడు కూడా చేరకపోతే పేద పిల్లలకు ఉచితంగా అదనపు బోధన అందించాలి. వైఫల్యం ఇంకా కొనసాగితే సిబ్బందిని మార్చడం, చివరకు బడిని పునర్వ్యవస్థీకరించడం జరుగుతుంది.

జిల్లాకు కూడా ఇటువంటి మెట్లే ఉండేవి. రెండేళ్ళు లక్ష్యం తప్పిన జిల్లా అభివృద్ధి ప్రణాళికను తయారుచేయాలి. ఆ తరువాత కూడా మార్పు రాకపోతే రాష్ట్రం నిధులు నిలపవచ్చు, పాఠ్యప్రణాళికను మార్చవచ్చు, బోర్డు స్థానంలో వేరొక పాలకుని నియమించవచ్చు, జిల్లానే రద్దు చేయవచ్చు.

ఫలితాలు, విమర్శలు

థామస్ డీ, బ్రయన్ జాకబ్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ చట్టం వలన నాలుగవ తరగతి గణితంలో చెప్పుకోదగిన ప్రగతి కనిపించింది. పఠనంలో అటువంటి ప్రగతి కనబడలేదు. నూటికి నూరు శాతం అన్న లక్ష్యం దగ్గరపడే కొద్దీ తప్పిన బడుల సంఖ్య పెరిగి, 2011 నాటికి దేశంలో దాదాపు సగం బడులు ఆ జాబితాలో చేరాయి.

ఉత్తీర్ణుల శాతాన్నే కొలమానంగా తీసుకోవడం మరొక లోపం. ఉత్తీర్ణతకు 60 మార్కులు కావాలనుకుంటే, 58 నుండి 61కి చేరిన విద్యార్థి వలన బడి లెక్క మెరుగుపడుతుంది. 20 నుండి 45కి ఎదిగిన విద్యార్థి వలన లెక్కలో ఏ మార్పూ రాదు. అందువలన గీతకు దగ్గరగా ఉన్నవారిపైనే శ్రద్ధ పెట్టే ధోరణి, పరీక్ష లేని చరిత్ర, కళల వంటి విషయాలకు సమయం తగ్గించే ధోరణి విమర్శకు గురయ్యాయి.

కొన్ని జిల్లాలలో పరిస్థితి నేరం వరకు వెళ్ళింది. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా జిల్లాలో జవాబు పత్రాలు దిద్దారన్న అనుమానంపై జరిగిన రాష్ట్ర విచారణ, పరిశీలించిన 56 బడులలో 44 చోట్ల అక్రమాలు జరిగాయని 2011లో తేల్చింది. 2015లో 11 మంది మాజీ ఉద్యోగులు దోషులుగా నిర్ధారించబడ్డారు. టెక్సస్‌లోని ఎల్ పాసో జిల్లాలో, తక్కువ మార్కులు వస్తాయనుకున్న విద్యార్థులను పదవ తరగతి పరీక్షకు అందకుండా తప్పించారు. ఆ జిల్లా సూపరింటెండెంటు 2012లో నేరం అంగీకరించగా జైలు శిక్ష పడింది. ఈ రెండు చోట్లా ఎక్కువగా నష్టపోయినది ఆ చట్టం ఎవరి కోసం వచ్చిందో ఆ పిల్లలే. తప్పుడు మార్కుల మాటున వారికి అందవలసిన సహాయం అందలేదు.

2015 తరువాత

2012 నుండి ఒబామా ప్రభుత్వం పలు రాష్ట్రాలకు చట్టంలోని నిబంధనల నుండి మినహాయింపులు ఇచ్చింది. 2015 డిసెంబరు 10న "ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్" చట్టంపై సంతకం జరిగింది. వార్షిక పరీక్షలు, వర్గాలవారీ ఫలితాల ప్రకటన కొనసాగాయి. నూరు శాతం లక్ష్యం, దేశమంతటికీ ఒకే రకమైన శిక్షలు తొలగిపోయాయి. నిధులు పొందే బడులలో అట్టడుగున ఉన్న 5 శాతాన్ని, మూడింట రెండు వంతుల మంది కూడా చదువు పూర్తిచేయని ఉన్నత పాఠశాలలను రాష్ట్రాలు గుర్తించాలి. వాటికి అభివృద్ధి ప్రణాళికను రూపొందించే బాధ్యత జిల్లాలది. మార్కులతోపాటు మరొక సూచిక కూడా ఉండాలన్న నియమం మేరకు పలు రాష్ట్రాలు దీర్ఘకాలిక గైర్హాజరీని లెక్కలోకి తీసుకున్నాయి. కోవిడ్ కారణంగా 2020 వసంతంలో పరీక్షల నుండి రాష్ట్రాలకు మినహాయింపు లభించింది.

రాష్ట్ర స్వాధీనం

జిల్లా పాలనను రాష్ట్రమే చేపట్టడం అన్నింటికన్నా కఠినమైన చర్య. ఇది 2002 చట్టానికి ముందు నుండీ ఉంది. న్యూజెర్సీలోని న్యూఅర్క్ జిల్లాను 1995లో రాష్ట్రం స్వాధీనం చేసుకోగా, స్థానిక బోర్డుకు అధికారం తిరిగి దక్కడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. లూసియానాలో 2005 నాటి కత్రినా తుపాను తరువాత న్యూ ఆర్లియన్స్ బడులలో అత్యధికం రాష్ట్ర పాలనలోకి వెళ్ళి, 2018లో స్థానిక బోర్డుకు తిరిగివచ్చాయి. టెక్సస్‌లో అతి పెద్దదైన హ్యూస్టన్ జిల్లాలో 2023 జూన్‌లో ఎన్నికైన బోర్డును తప్పించి రాష్ట్రం కొత్త పాలకులను నియమించింది. ఒక ఉన్నత పాఠశాల వరుసగా కొన్నేళ్ళు తగిన శ్రేణి పొందకపోవడం ఇందుకు చూపిన కారణాలలో ఒకటి.

స్వాధీనాన్ని సమర్థించేవారు, బోర్డు విఫలమైతే అందుకు మూల్యం చెల్లించేది పిల్లలు కనుక రాష్ట్రం జోక్యం చేసుకోక తప్పదంటారు. వ్యతిరేకించేవారు, ఓటర్లు ఎన్నుకున్న బోర్డును తొలగిస్తే తల్లిదండ్రులు ఎవరిని నిలదీయాలని ప్రశ్నిస్తారు. బెత్ షూలర్, జాషువా బ్లైబర్గ్ అనే పరిశోధకులు దేశవ్యాప్తంగా పలు స్వాధీనాలను పరిశీలించి, సగటున వాటి వలన పరీక్షా ఫలితాలు మెరుగుపడినట్లు ఆధారం లేదని తేల్చారు. అయితే జిల్లా జిల్లాకూ ఫలితాలలో తేడా ఉంది. పాలకులను మార్చిన తరువాత తరగతి గదిలో ఏమి మారిందన్నదే ఈ విధానంలో ఇంకా తేలవలసిన విషయం.