డామినార్ 400 కొనాలా, వద్దా? ధూల్‌పేట్ గల్లీలో ఒక మాట.. శ్రీశైలం రోడ్డులో ఇంకో మాట!

హైవే ఎక్కితే పొగడ్తలు.. గల్లీలోకి వస్తే తిట్లు. బజాజ్ డామినార్ 400 గురించి రైడర్లు చెప్పేది వింటే, వీళ్లంతా ఒకే బండి గురించి మాట్లాడుతున్నారా అన్న డౌట్ వస్తుంది. ధూల్‌పేట్‌లో ఉండి, వీకెండ్ వస్తే లాంగ్ రైడ్‌కి వెళ్లాలనుకునే వాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం. ఎందుకో చూద్దాం.

అసలు స్పోర్ట్ టూరర్ అంటే ఏంటి?

స్పోర్ట్స్ బైక్‌లో పికప్ ఉంటుంది కానీ ముందుకు వంగి కూర్చోవాలి. గంట దాటితే నడుం పట్టేస్తుంది. టూరింగ్ బైక్‌లో నిటారుగా, హాయిగా కూర్చోవచ్చు. ఈ రెండింటినీ కలిపేదే స్పోర్ట్ టూరర్. విదేశాల్లో ఈ రకంలో మిడ్ సైజ్ అంటే 650 సీసీ, ఆ పైమాటే. అలాంటి బండి మన దగ్గర కొనాలంటే లక్షలకి లక్షలు పెట్టాలి. అందుకే ఇక్కడ 300 నుంచి 400 సీసీ బళ్లే సామాన్యుడి టూరర్లు అయ్యాయి.

డామినార్ 2016 డిసెంబర్‌లో మార్కెట్‌లోకి వచ్చింది. అప్పుడు పవర్ 35 పీఎస్. 2019లో దాన్ని 40 పీఎస్‌కి పెంచారు. ముందు షాకబ్జార్బర్లు కూడా మార్చారు. 2021 నుంచి పెద్ద విండ్‌స్క్రీన్, హ్యాండ్ గార్డులు, వెనక క్యారియర్ లాంటి టూరింగ్ సామాను కంపెనీయే బిగించి ఇస్తోంది.

రైడర్లకి ఏం నచ్చింది?

ఎక్కువ మంది చెప్పే మాట ఒక్కటే.. స్పీడ్‌లో బండి కదలదు, బెదరదు. పక్క నుంచి లారీ వెళ్లినా తూలదు. ధూల్‌పేట్ నుంచి లంగర్‌హౌస్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ అనంతగిరి కొండలకి సుమారు 80 కిలోమీటర్లు. శ్రీశైలం అయితే 200 దాటుతుంది. ఇలాంటి రైడ్‌లలో బరువే బండికి బలం అవుతుంది.

ట్యాంక్ 13 లీటర్లు. మైలేజ్ 25 నుంచి 30 మధ్య వస్తుందని చాలామంది రైడర్ల లెక్క. అంటే ఫుల్ ట్యాంక్‌తో 300 కిలోమీటర్ల పైనే. శ్రీశైలం వెళ్లి రావాలంటే మాత్రం మధ్యలో ఒకసారి పెట్రోల్ కొట్టించాల్సిందే. అడవి మొదలయ్యే ముందే కొట్టించుకోవడం మంచిది. ఇంకో విషయం.. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మీదుగా వెళ్లే ఈ రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు బంద్.

మరి తిట్లు ఎందుకు?

టూరింగ్ సామానుతో కలిపి బండి బరువు 193 కిలోలు. హైవే మీద బలం అనుకున్నదే పురానాపూల్ ట్రాఫిక్‌లో భారం అవుతుంది. గల్లీలో ఎదురుగా ఆటో వస్తే కాళ్లతో వెనక్కి నెట్టుకోవాలి. వినాయక చవితికి ముందు ధూల్‌పేట్ రోడ్ల మీద విగ్రహాలు, ట్రాలీలు నిండిపోతాయి. అప్పుడు 100 సీసీ బండి దూరిన సందులో ఇది దూరదు.

రెండోది ఇంజిన్ స్వభావం. దీని 35 న్యూటన్ మీటర్ల టార్క్ పూర్తిగా వచ్చేది 6,500 ఆర్‌పీఎం దగ్గర. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి నడిపితే ఆ ఫీల్ రాదు, మాటిమాటికీ గేర్ మార్చాలి. పైగా ఎండాకాలం రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే వేడిగాలి కాళ్లకి కొడుతుందని కంప్లైంట్.

ఔటర్ రింగ్ రోడ్డు మీద దుమ్ము రేపొచ్చు అనుకుంటే అదీ కుదరదు. 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లకి ఎంట్రీ లేదు, సర్వీస్ రోడ్డే దిక్కు.

23 సీసీ తెచ్చిన తంటా

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ వచ్చింది. 350 సీసీ లోపు బళ్లకి పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు మించితే 40 శాతం. సెస్‌తో కలిపి ఇది అంతకుముందు 31 శాతమే. డామినార్ 400 ఇంజిన్ 373 సీసీ. అంటే 23 సీసీ తేడాతో పెద్ద పన్ను శ్లాబులో పడింది. డామినార్ 250, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 మాత్రం 18 శాతం కిందికి వస్తాయి. ఆర్‌టీఎక్స్ బరువు 180 కిలోలే. అందుకే షోరూమ్‌కి వెళ్లేవాళ్లు ఇప్పుడు పవర్‌తో పాటు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవి చూడండి

పాత మోడళ్లలో హ్యాండిల్ కోన్ సెట్ త్వరగా పోతుందని, వైబ్రేషన్ ఎక్కువని రైడర్లు అంటుంటారు. ముందు చక్రం లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి, మధ్యలో పట్టేసినట్టు ఉంటే ఖర్చు ఉన్నట్టే. ట్రాఫిక్‌లో 20 నిమిషాలు నడిపి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో సరిపోవాలి. లోన్ క్లియర్ అయిందా, చలాన్లు పెండింగ్ ఉన్నాయా కూడా చెక్ చేసుకోవాలి.

విండ్‌స్క్రీన్ ఉంది కదా అని..

ధూల్‌పేట్ అంటే పతంగులకి కూడా ఫేమస్. సంక్రాంతి సీజన్‌లో చైనా మాంజా బైకర్ల ప్రాణాలు తీస్తోంది. నిషేధం ఉన్నా 2024 జనవరిలో లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద టూవీలర్‌పై వెళ్తున్న ఆర్మీ జవాను గొంతు తెగి చనిపోయాడు. విండ్‌స్క్రీన్ గాలిని ఆపుతుంది కానీ మెడకి అడ్డం ఉండదు. జనవరిలో మెడకి మందపాటి నెక్ గార్డ్, తక్కువ స్పీడ్ తప్పనిసరి.

చివరగా..

నెలలో ఎన్ని రోజులు హైవే మీద, ఎన్ని రోజులు గల్లీలో నడుపుతారో ముందు లెక్కేసుకోండి. నెలకి రెండు మూడు లాంగ్ రైడ్‌లు పక్కా అయితే పొగిడేవాళ్ల మాట మీకు వర్తిస్తుంది. రోజూ బేగంబజార్, అఫ్జల్‌గంజ్ చుట్టూ తిరిగే పనే ఎక్కువైతే తిట్టేవాళ్లే మీ మంచి కోరేవాళ్లు. టెస్ట్ రైడ్ కూడా ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం 6 తర్వాత మీరు రోజూ తిరిగే రూట్‌లోనే అడగండి.