తుప్పుకు తుప్పే కాపలా

ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే రకం తూటా. ఒకటి నీలిఛాయ కొట్టే నలుపు, రెండోది వెండిలాంటి తెలుపు. రివాల్వర్ కొనేవాళ్లు చాలామంది ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు, ఏది చేతికి అందమా అని. అందం సంగతి ఎవరి ఇష్టం వారిది. నాకు మాత్రం ఆ రంగుల వెనక ఉన్న రసాయనం గొప్పగా తోస్తుంది. నల్లదాని మీద ఉన్నది ఇనుప ఆక్సైడ్, తెల్లదాని మీద ఉన్నది క్రోమియం ఆక్సైడ్. మొదటి పొరను మనిషి పూనుకుని తెప్పించాలి. రెండోది లోహం తనంతట తానే కప్పుకుంటుంది. మొదటిదాని నుంచి రెండోదానికి రావడానికి రివాల్వర్‌కు 129 ఏళ్లు పట్టింది.

సామ్యూల్ కోల్ట్ రివాల్వర్‌కు అమెరికా పేటెంటు 1836 ఫిబ్రవరి 25న దక్కింది. తూటాల గదులున్న సిలిండర్ తిరుగుతూ, ఒక్కో గదినే గొట్టానికి ఎదురుగా తెచ్చి నిలబెట్టే యంత్రమది. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నని సందు, సిలిండర్‌ను తిప్పే పళ్లు, ట్రిగ్గర్ వెనక స్ప్రింగులు. ఇన్ని కదిలే భాగాలున్న చోట కాస్త తుప్పు చేరినా పని చెడుతుంది. పైగా ఆనాటి నల్ల తుపాకీమందు కాలాక మిగిలే మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ మందును అంటించే క్యాపుల్లోనూ, ఆ తర్వాత తూటాల ప్రైమర్లలోనూ చాలాకాలం వాడిన పొటాషియం క్లోరేటు మండితే పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అది ఉప్పు జాతిది. పేల్చిన రాత్రి శుభ్రం చేయకపోతే మర్నాటికి గొట్టం లోపల ఎర్రటి పొడి కనిపించేది.

ఇనుముకు పట్టే ఎర్రతుప్పులో అసలు చిక్కు ఏమిటంటే అది గుల్లగా ఉంటుంది, పొరలుపొరలుగా రాలిపోతుంది, కింది ఇనుమును మళ్లీ గాలికి, నీటికి అప్పగిస్తుంది. అదే ఇనుము, అదే ఆక్సిజన్ మరో పాళ్లలో కలిస్తే మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడ్ వస్తుంది. అది ఉక్కును కరిచిపట్టుకుని ఉంటుంది, ఊరికే రాలదు. తుపాకీ పనివాళ్లు ఈ రెండో తుప్పును తెప్పించి మొదటి తుప్పును ఆపడం నేర్చుకున్నారు. దీన్నే బ్లూయింగ్ అంటారు.

పాతకాలపు బ్లూయింగ్ చూడదగ్గ పని. ముందు గొట్టాన్ని అద్దంలా నునుపు చేసి, జిడ్డు ఏమాత్రం లేకుండా కడుగుతారు. ఆ తర్వాత దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, ఒక్క వేలిముద్ర పడినా అక్కడ మచ్చ మిగిలిపోతుంది. ఆమ్లద్రావణం పలచగా పూసి, తేమ నిండిన పెట్టెలో కొన్ని గంటలు వేలాడదీస్తారు. బయటికి తీసేసరికి గొట్టం నిండా ఎర్రటి నూగు. చూసినవాళ్లకు వస్తువు పాడైపోయిందనే అనిపిస్తుంది. దాన్ని శుభ్రమైన నీళ్లలో వేసి సలసలా మరిగిస్తే ఆ ఎరుపు కళ్లముందే మఖమల్ లాంటి నలుపుగా మారుతుంది. పైన వదులుగా ఉన్న పొడిని సన్నని తీగల బ్రష్షుతో దులిపితే కింద పలచని బూడిదరంగు పొర కనిపిస్తుంది. మళ్లీ ద్రావణం, మళ్లీ పెట్టె, మళ్లీ మరిగే నీళ్లు. ఇలా అరడజనుసార్లో అంతకుమించో చేస్తేగాని లోతైన నల్లని నీలం రాదు. రోజుల తరబడి సాగే పని.

ఫ్యాక్టరీలకు అంత తీరిక లేదు. అందుకే వేడి తొట్టి వచ్చింది. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన నీటిని సుమారు 140 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, అందులో భాగాలను ముంచుతారు. అరగంటలో పని పూర్తి. అయితే రెండు గొట్టాలను సీసం, తగరం కలిపిన టంకంతో అతికించిన పాత వేట తుపాకీని అందులో ముంచితే ఆ కాస్టిక్ టంకాన్ని తినేస్తుంది, గొట్టాలు ఊడిపోయే ప్రమాదం ఉంది. అలాంటివాటికి నేటికీ పాత పద్ధతే శరణ్యం.

ఏ పద్ధతిలో చేసినా పొర మందం సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంత పలచని పొర ఉక్కులోని ఏ గీతనూ దాచలేదు. కాబట్టి రంగులోని లోతంతా దానికి ముందు చేసిన పాలిష్‌దే. 1955లో కోల్ట్ తెచ్చిన పైథాన్ రివాల్వర్ నీలం ఇప్పటికీ చెప్పుకుంటారంటే, ఆ ఘనత పాలిష్ చక్రం దగ్గర కూర్చున్న పనివాడి ఓపికది. కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన మరో సంగతి ఉంది. బ్లూయింగ్ ఒక్కటే తుప్పును ఆపలేదు. దాని సన్నని రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి, అసలు అడ్డు ఆ నూనెదే. నూనె ఆరిపోయిన బ్లూయింగ్ చెమట చేతికి ఎంతోసేపు ఆగదు.

పందొమ్మిదో శతాబ్దంలోనే నికెల్ పూత కూడా వచ్చింది. తళతళలాడేది, కొన్నాళ్లు బాగానే కాపాడేది. ఒకచోట పెచ్చు లేచిందంటే మాత్రం తేమ పూత కిందికి చేరి మిగతాది కూడా లేచిపోయేది.

ఇక తెల్ల ఉక్కు కథ ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మొదలైంది. మొదలైందీ తుపాకీ కోసమే! హ్యారీ బ్రేర్లీ 1871లో అక్కడ ఉక్కు కరిగించే కార్మికుడి ఇంట పుట్టాడు, పన్నెండేళ్లకే బడి మానేసి పనిలో చేరాడు. లేబరేటరీలో సీసాలు కడుగుతూ రసాయనశాస్త్రం నేర్చుకుని, 1908లో బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాలకు అధిపతి అయ్యాడు. 1912లో తుపాకులు తయారుచేసే ఒక సంస్థ అతని దగ్గరికి ఒక సమస్యతో వచ్చింది. వేడి వాయువుల ధాటికి రైఫిల్ గొట్టాల లోపలి భాగం అరిగిపోతోంది, తట్టుకునే ఉక్కు కావాలి. బ్రేర్లీ ఉక్కులో క్రోమియం పాలు పెంచుకుంటూ పోయాడు. 1913 ఆగస్టు 13న పోసిన ఉక్కులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్నాయి.

ఉక్కు లోపలి నిర్మాణాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలంటే ముందు దాని ముఖాన్ని నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో కొద్దిగా తినిపించాలి. ఈ ముక్కను ఆ ద్రావణం ముట్టనే లేదు. మరొకరైతే పరీక్ష చెడిందని ముక్కను అవతల పారేసేవారేమో. బ్రేర్లీ వినెగర్‌తో చూశాడు, నిమ్మరసంతో చూశాడు. దానికి ఏమీ కాలేదు. కత్తులకు పేరుమోసిన షెఫీల్డ్‌లో పుట్టినవాడు కనుక అతని ఆలోచన నేరుగా భోజనాల బల్ల మీదికి పోయింది. ఆ ఉక్కు కొలిమి దగ్గర మొండికేసింది, తొలి కత్తులకు పదును రాలేదు. తెగని కత్తులు కనిపెట్టినవాడని ఊళ్లో పేరుపడినా అతను వదల్లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ఉక్కు విమాన ఇంజన్ల వాల్వులకు ఉపయోగపడింది. యుద్ధం తర్వాత కత్తులకు, ఆసుపత్రి పరికరాలకు, వంటపాత్రలకు పాకింది. అడిగిన తుపాకీ పని మాత్రం పక్కకు పోయింది.

స్టెయిన్‌లెస్ ఉక్కుతో మామూలుగా తయారుచేసి అమ్మిన మొదటి రివాల్వర్ స్మిత్ అండ్ వెసన్ వారి మోడల్ 60. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1965లో బయటికి వచ్చింది. 1950 నాటి ఐదు తూటాల చీఫ్స్ స్పెషల్‌నే వాళ్లు కొత్త లోహంతో చేశారు. పోలీసులు దాన్ని చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకునేవారు, కనుక చెమట దెబ్బ అందరికన్నా ముందు తగిలేది ఆ చిన్న రివాల్వర్‌కే. ఇంత ఆలస్యానికి ముఖ్యమైన కారణం పనితనంలో ఉందంటాను. స్టెయిన్‌లెస్ ఉక్కును కోస్తుంటే పనిముట్టు అంచు తొందరగా మొద్దుబారుతుంది. ఒకే రకం స్టెయిన్‌లెస్ భాగాలు రెండు ఒత్తిడితో రాసుకుంటే ఒకదాని లోహం మరోదానికి అంటుకుని చీరుకుపోతుంది. అందుకే తర్వాత ఆ కంపెనీ తన స్టెయిన్‌లెస్ రివాల్వర్లలో హామర్, ట్రిగ్గర్‌లను కార్బన్ ఉక్కుతోనే చేసి పైన పలచగా క్రోమియం పూత వేసింది.

ఉక్కులో క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే ఉపరితలం మీద క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే, బ్లూయింగ్‌తో పోలిస్తే వందలవంతు. అందుకే కంటికి కనిపించదు, కింది లోహపు తెలుపే కనిపిస్తుంది. మేకుతో గీసినా ఆ గీత మీద గాలి తగలగానే పొర మళ్లీ అల్లుకుంటుంది. బ్లూయింగ్‌కు ఈ శక్తి లేదు. ఒరలోకి తీసి పెట్టి, తీసి పెట్టి గొట్టం కొస, సిలిండర్ అంచులు తెల్లబడ్డాక మళ్లీ తొట్టిలో ముంచాల్సిందే.

అలాగని స్టెయిన్‌లెస్‌కు తుప్పే పట్టదనుకోవడం పొరపాటు. రివాల్వర్‌కు కావాల్సిన గట్టిదనం కోసం వాడే రకం వేరు. మన వంటింట్లో మంచిరకం స్టీలు గ్లాసుకు అయస్కాంతం సాధారణంగా అంటదు, ఈ ఉక్కుకు గట్టిగా అంటుతుంది. నికెల్ దండిగా ఉన్న ఆ గ్లాసంత తుప్పునిరోధం దీనికి లేదు. చెమటలో, సముద్రపు గాలిలో ఉండే క్లోరైడ్ ఆ కనిపించని పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. అక్కడ సూదిమొనంత గుంట మొదలై లోపలికి దిగుతుంది. గాలి ఆడని చోట, అంటే పిడి కింద, స్క్రూల చుట్టూ, ముందుగా చూడాల్సింది ఇదే.

ఈ సూత్రం ఉక్కుకే పరిమితం కాదు. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ టైటానియం మిశ్రమలోహంతో చేసింది, బరువు సుమారు అరకిలో. టైటానియానికి కూడా రక్ష దాని సొంత ఆక్సైడే.

నా తీర్పు అడిగితే ఇదీ. లైసెన్సుతో రివాల్వర్‌ను రోజూ ఒంటిమీద పెట్టుకోవాల్సిన ఉద్యోగమైతే, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉంటే, స్టెయిన్‌లెస్సే తీసుకోవాలి. వెలుగులో మెరుస్తుందన్న అభ్యంతరాన్ని మెరుగు తగ్గించిన మ్యాట్ ఉపరితలం చాలావరకు తీరుస్తుంది. గురి సాధనకు వాడి, శుభ్రంగా తుడిచి బీరువాలో పెట్టేవారికి మంచి పాలిష్ మీద వేసిన బ్లూయింగ్‌ను మించింది లేదు. ఏది కొన్నా తోలు ఒరలో ఉంచి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసేటప్పుడు వాడిన ఆమ్లాలు, లవణాలు అందులో మిగిలి ఉంటాయి. తూటాలు తీసేసి, పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, ఒర బయట తాళంలో పెట్టండి.